లుసాకాకి ఎనిమిది గంటల నలభై నిమిషాలు

మా బావగారి ఫోనులో ప్రపంచం చాలా చిన్నది. పై గడిలో హైదరాబాదు విమానాశ్రయం అని కొట్టి, కింది గడిలో లుసాకా విమానాశ్రయం అని కొడితే చాలు, రెంటికీ మధ్య ఒక నీలం గీత గీసి, గీత మీద బుల్లి విమానం బొమ్మ పెట్టి, దూరం ఆరువేల అయిదువందల చిల్లర కిలోమీటర్లు, ప్రయాణ సమయం ఎనిమిది గంటల నలభై నిమిషాలు అని తేల్చిపారేస్తుంది. గీత తిన్నగా సముద్రం మీద పడి పోతుంది. దానికి దారిలో టీ కొట్టు లేదు, చుట్టాలిల్లు లేదు, రాహుకాలం అసలే లేదు.

బావగారంటే మా ఆయనకి అన్నగారు. మిరప రైతు. మే నెల కాబట్టి గుంటూరు యార్డుకి ఎండాకాలం సెలవులు, కాయలన్నీ కోల్డ్ స్టోరేజీలో ఉన్నాయి, ఆయనకి చేతినిండా తీరిక. ఆ తీరికంతా తెచ్చి నా ప్రయాణం మీద పెట్టారు.

"ఎనిమిది గంటల నలభై నిమిషాలేనంటమ్మా! మన పేట నుంచి తిరుపతి బస్సుకి అంతకన్నా ఎక్కువ పడుద్ది. ఇట్టా ఎక్కి అట్టా దిగటమే" అని మా ఇంట్లో చెప్పారు. వీధి అరుగు మీద చెప్పారు. పాలు పోసే ఆయనకి చెప్పారు. రెండు రోజుల్లో చిలకలూరిపేటలో మా వీధి మొత్తానికీ ఆ అంకె నోటికొచ్చేసింది. నన్ను పలకరించడానికి వచ్చినవాళ్లు మా ఆయన చెయ్యి ఎలా ఉందని అడగడం మానేసి, "ఎనిమిది గంటలేనంటగా?" అని మొదలుపెట్టారు. ఒకావిడైతే తన తమ్ముడు దోహాలో ఉన్నాడనీ, లుసాకా పక్కనేనేమో చూసి, వీలైతే ఓ ఆవకాయ సీసా అందించమనీ అడిగింది.

నేను లెక్కల టీచర్ని. పద్దెనిమిదేళ్లుగా హైస్కూల్లో కాలము, దూరము, వేగము చెబుతున్నాను. దూరాన్ని వేగంతో భాగిస్తే కాలం వస్తుంది. నా పుస్తకంలో రైళ్లు ఎక్కడా ఆగవు, బస్సులకి టైరు పంచరవదు, సైకిలు మీద పోయే వ్యక్తికి దారిలో పెదనాన్న కనిపించడు. పిల్లలు నమ్ముతారు కూడా, పాపం. బావగారి ఫోను కూడా అచ్చం నాలాగే లెక్క చేసిందని నాకు తెలుసు. లుసాకాకి తిన్నగా పోయే విమానమే లేదు. దుబాయ్‌లో దిగాలి, అయిదారు గంటలు కూర్చోవాలి, ఇంకోటి ఎక్కాలి. ఇదంతా నేను బావగారికి మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ ఆయన ఫోను తిప్పి నాకే చూపించారు.

అసలు సంగతి ఇది. మా ఆయన జిన్నింగ్ మిల్లు ఫిట్టరు. పత్తి నుంచి గింజ విడదీసే మిషన్లు విప్పి బిగించడంలో పేటలో ఆయన్ని మించినవాడు లేడని నేను కాదు, మిల్లుల వాళ్లే అనేవారు. బోల్టు ఎంత బిగిసిందో, మిషను పళ్ల మధ్య సందు ఎంత ఉందో కుడిచేతి చూపుడువేలు పెట్టి చెప్పేసేవాడు. కొలిచే పరికరం తెచ్చి చూస్తే అంతే ఉండేది. ఏడాదిన్నర క్రితం జాంబియాలో ఒక పత్తి మిల్లు వాళ్లు పిలిచి తీసుకెళ్లారు. ఈ మే నెలలో, అక్కడ సీజను మొదలవక ముందు మిషను తిప్పి చూస్తుంటే, సరిగ్గా ఆ వేలే లోపలికి పోయింది.

అక్కడి రాజధాని లుసాకాలో, ఆసుపత్రిలో మొదటి ఆపరేషను చేసి కట్టు కట్టారు. రెండోది మంగళవారం ఉదయం తొమ్మిదికి. ఆలోపు డాక్టరు ఒక మాట తేల్చమన్నాడు: వేలు నిలబెట్టాలంటే దీని తర్వాత ఇంకో రెండు ఆపరేషన్లు కావాలి, నెలలు పడుతుంది, అప్పటికీ వంద శాతం అని చెప్పలేం. వద్దనుకుంటే మంగళవారమే తీసేసి కుట్టేస్తాం, నెలలో పనిలోకి వెళ్లొచ్చు.

"ఫోన్లో తేల్చే మాట కాదే ఇది. నువ్వు వచ్చి చెయ్యి చూడు. చూసి నువ్వే చెప్పు. నువ్వేమంటే అది" అన్నాడు మా ఆయన. మనిషి గొంతు ఎప్పుడూ అంత చిన్నగా వినలేదు నేను. మంగళవారం తొమ్మిదిలోపు ఆ మంచం పక్కన ఉండాలి, అంతే. నాకు ఇంకేమీ అక్కర్లేదు.

వీసా వచ్చింది. ఆదివారం రాత్రి తొమ్మిదికి హైదరాబాదు నుంచి విమానం. సోమవారం మధ్యాహ్నానికల్లా లుసాకా. మధ్యలో ఒక రాత్రంతా మిగులుతుంది. లెక్క సరిగ్గా ఉంది. అప్పుడు బావగారు పంచాంగం తీశారు.

"ఆదివారం పడమటికి వారశూల అమ్మా."

"టిక్కెట్టు ఆదివారానికే ఉంది బావగారూ."

"మరి లుసాకా పడమరేగా?"

"నైరుతి."

"నైరుతి అంటే సగం పడమరేగా! సగం శూల చాలదా పొడవటానికి?"

నేను పెట్టె సర్దుకోవడంలో పడ్డాను. మాట్లాడితే మిగతా సగం గురించి కూడా చెబుతారు. కానీ ఆయన దగ్గర విరుగుడు సిద్ధంగా ఉంది. ప్రస్థానం పెట్టడం. మంచి రోజున, మంచి గడియలో, మనకి సంబంధించిన సంచి ఒకటి మనం పోయే దిక్కున ఉన్న ఇంట్లో పెట్టేస్తే, మనం ఆ గడియలోనే బయలుదేరినట్టు లెక్క. తర్వాత ఎప్పుడు కదిలినా దోషం లేదు. సంచి మాత్రం తిరిగి మన గడప తొక్కకూడదు, దారిలో తీసుకుని అటే పోవాలి. ఎవరు కనిపెట్టారోగానీ బుర్రున్న మనిషి. దేవుడి కళ్లుగప్పడానికి ఇంతకన్నా చవకైన ఉపాయం నేను చూడలేదు.

శనివారం పదకొండుంపావు మంచిదన్నారు. నేను ఒక పాత చీర, పసుపు కొమ్ము, గుప్పెడు బియ్యం సంచిలో వేశాను. బావగారు సంచి విప్పి చూసి పెదవి విరిచారు.

"ఇదేందమ్మా, వానకి తడిసినా పర్లేదన్నట్టు పాత చీర పెడతావా? ఏదైతే లేకపోతే నువ్వు పోలేవో అది పెట్టాల. అప్పుడే నువ్వు పోయినట్టు."

"అది లేకపోతే పోలేనిది పాస్‌పోర్టు ఒక్కటే బావగారూ."

"అయితే అదే పెట్టు!"

నవ్వు వచ్చింది. తర్వాత నవ్వు ఆగింది. ఇప్పుడు నేను ఎంత వెటకారంగా రాసినా, ఆ రోజు పాస్‌పోర్టు తీసి ఆ సంచిలో పెట్టింది నా చేతులే. నిజం చెప్పాలంటే నాకూ భయంగానే ఉంది. ఆరువేల కిలోమీటర్ల అవతల ఆ మనిషి చెయ్యి ఎత్తిపట్టుకుని కూర్చుని ఉంటే, వారశూల లేదు పాడూ లేదు అని గట్టిగా అనే ధైర్యం నాకు లేకపోయింది. పెడితే పోయేదేముంది, పక్కింట్లోనేగా అనుకున్నాను.

మాకు పడమటి ఇల్లు వార్డెనమ్మది. ఆడపిల్లల హాస్టలుకి నలభై ఏళ్లు వార్డెనుగా చేసి రిటైరైన మనిషి. ఒంటరిగా ఉంటారు. ఆదివారం చర్చి, మిగతా ఆరు రోజులూ చర్చి పనులు. ఆవిడకి ఇలాంటివాటి మీద నమ్మకం లేదు. సంచి చేతిలో పెట్టి సంగతి చెబితే కళ్లజోడు కిందకి దించి నా వంక చూశారు.

"లెక్కల టీచరువి, నువ్వూనా?"

"మా బావగారండీ" అన్నాను సిగ్గుపడుతూ.

"సర్లే, నా ఇంట్లో నీ సంచి ఉంటే నాకేం బరువు? దాని మీద నా ప్రార్థన నేను చేసుకుంటా. మీ బావకి చెప్పకు, మైలపడిందంటాడు" అని నవ్వి, సంచి తీసుకెళ్లి బీరువాలో పెట్టి తాళం వేశారు. బీరువా తాళం, ఇంటి తాళం ఒకే గుత్తిలో ఉంటాయి. ఆ గుత్తి ఎప్పుడూ ఆవిడ నడుముకే ఉంటుంది. నలభై ఏళ్లు ఆడపిల్లల్ని కాపలా కాసిన మనిషి, తాళం ఇంకొకరి చేతికి ఇచ్చిన పాపాన పోలేదు. నేను ధీమాగా ఇంటికొచ్చాను.

ఆదివారం ఉదయం పదకొండుకి బయలుదేరాలి. విమానాశ్రయానికి అయిదున్నర గంటలు. బావగారి పాత కారు, బావగారే డ్రైవరు. పదీ ముప్పావుకి సంచి తెచ్చుకుందామని పక్కింటికి వెళ్లాను. గ్రిల్లుకి తాళం. ఆ తాళం వెనక తలుపుకి ఇంకో తాళం. ఫోను చేశాను. ఇంట్లోనే మోగింది. బీరువా పక్కనుంచేమో, శ్రావ్యంగా ఏదో కీర్తన వచ్చింది. మళ్లీ చేశాను. మళ్లీ కీర్తన.

ఎదురింటావిడ చీపురు పట్టుకుని బయటికి వచ్చింది. "వార్డెనమ్మ గారా? వాడరేవు పోయారు. ఇయ్యాల సముద్రంలో బాప్తిస్మాలంట, బస్సు మాట్లాడుకుని పొద్దున్నే పోయారు అందరూ. నీ విమానం రాత్రికేగా, మూడింటికల్లా వచ్చేస్తా, సంచి నేనే ఇస్తానని చెప్పమన్నారు."

తప్పెవరిది? విమానం రాత్రి తొమ్మిదికి అని వీధంతా చాటింది బావగారు. ఇంటి నుంచి ఎప్పుడు కదలాలో ఎవరికీ చెప్పలేదు. ఎనిమిది గంటల్లో ఆఫ్రికా చేరే మనుషులం కదా, హైదరాబాదు ఓ లెక్కా అని వార్డెనమ్మ కూడా అనుకున్నట్టున్నారు.

"తాళం పగలగొడదాం బావగారూ" అన్నాను. ఆవిడ వచ్చాక కాళ్లు పట్టుకుంటాను, కొత్త తాళం కొనిస్తాను, ఏమైనా చేస్తాను.

బావగారు చెవులు మూసుకున్నంత పనిచేశారు. "ప్రస్థానం పెట్టిన ఇంటి తాళం పగలగొట్టి బయలుదేరతావా! ఎక్కడన్నా ఉందా? వాడికసలే చెయ్యి బాలేదు. నోటితో అనమాక ఆ మాట."

'వాడికసలే చెయ్యి బాలేదు' అన్నారు చూశారా, అక్కడ నేను లొంగిపోయాను. గునపం మా పెరట్లోనే ఉంది. అయిదు నిమిషాల పని. ఇప్పటికీ ఆ గునపం కనిపిస్తే నాకు ఒళ్లు మండుతుంది.

దానికి బదులు నేనేం చేశానంటే, లెక్క చేశాను. పేట నుంచి వాడరేవు యాభై కిలోమీటర్లు. గంటంపావు. తాళం తీసుకుని వెనక్కి ఇంకో గంటంపావు. మధ్యలో అరగంట వేసుకున్నా రెండుకి పేట. అక్కడి నుంచి అయిదున్నర గంటలు. ఏడున్నరకి విమానాశ్రయం. ఎనిమిదికి కౌంటరు మూస్తారు. అరగంట మిగులుతుంది. సమాధానం సరిగ్గా వచ్చింది. పద్దెనిమిదేళ్ల అనుభవం మరి! హైదరాబాదుకి పోవాల్సినదాన్ని ఎదురు దిక్కుకి తిరిగి, సముద్రం వైపు పోయాను.

మే నెల ఆదివారం వాడరేవు దారి ఎలా ఉంటుందో ఈ జిల్లాలో తెలియనివాళ్లు లేరు, లెక్కల టీచరు తప్ప. ఎండకి తట్టుకోలేక గుంటూరు, నరసరావుపేట, ఒంగోలు అన్నీ కలిసి సముద్రంలో దూకడానికి బయలుదేరాయి. చీరాల దాటాక కారు నడవలేదు, పాకింది. బావగారు కిటికీలోంచి తల బయటపెట్టి, "ఒరేయ్, బండి పక్కకి లాగరా! ఆడమనిషి ఆఫ్రికా పోవాల!" అని అరుస్తున్నారు. ముందు ఆటోలో కుర్రాళ్లు వెనక్కి తిరిగి, "ఆఫ్రికాకి ఇటు కాదు బాబాయ్" అన్నారు. అందులో తప్పేముంది.

వాడరేవు చేరేసరికి పన్నెండున్నర దాటింది. చేపలు ఎండబెట్టిన చోటు దాటి, ఇసకలో చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తాను. నీళ్లలో నడుముదాకా తెల్లబట్టల మనుషులు. పాస్టరుగారు ఒక్కొక్కరినీ ముంచి లేపుతున్నారు. ఆయన పక్కన, కొత్తగా బాప్తిస్మం తీసుకునే ముసలమ్మని రెండు చేతులతో పట్టుకుని, వార్డెనమ్మ. నడుముకి తాళాల గుత్తి, అలతోపాటు అదీ మునుగుతోంది, తేలుతోంది.

"వార్డెనమ్మ గారూ! తాళం!" అని ఒడ్డు నుంచి అరిచాను. అల మింగేసింది. ఒడ్డున పాట పాడుతున్నవాళ్లు నేను కూడా బాప్తిస్మానికే తొందరపడుతున్నాననుకుని, "ఆగమ్మా, వరుసలో పంపుతారు" అని ఆప్యాయంగా చెయ్యి పట్టుకున్నారు. ఇక లాభం లేదని చీరతోనే నీళ్లలోకి దిగాను. మోకాళ్లదాకా, తొడలదాకా. వార్డెనమ్మ నన్ను చూసి నోరు తెరిచారు.

"ఇదేంది తల్లీ, నువ్వెందుకొచ్చావ్?"

"పాస్‌పోర్టండీ! సంచిలో నా పాస్‌పోర్టు ఉంది!"

ఆవిడ మొహంలో రంగు పోయింది. సంచిలో ఏముందో నేను ఆవిడకి చెప్పలేదు. పసుపు కొమ్ము అనుకున్నారట. ముసలమ్మని వదిలితే పడిపోతుంది. పాస్టరుగారు ప్రార్థన మధ్యలో ఉన్నారు. ఆయన కళ్లు తెరిచి నన్నొకసారి చూసి, మళ్లీ మూసి, ప్రార్థనలో నన్ను కూడా చేర్చారు, దూరదేశం పోయే ఈ సహోదరిని కాపాడమని. మంచివారే, కాకపోతే కొంచెం పొడుగు ప్రార్థన. ముసలమ్మ మునిగి లేచేసరికి ఒంటి గంటయింది.

గుత్తి అక్కడే ఇచ్చేయండి అంటే ఇవ్వలేదు వార్డెనమ్మ. "ఏ తాళం దేనికో నీకు తెలవదు. నేనే వస్తా" అని తడిబట్టలతో కారెక్కారు. దారి పొడుగునా చేత్తో నుదురు కొట్టుకుంటూనే ఉన్నారు. "ఒక్క మాట చెప్పకపోయావా తల్లీ, దిండు కింద పెట్టుకుని ఇంట్లోనే కూర్చునేదాన్ని కదా." చెప్పలేదు. పాస్‌పోర్టు అంటే ఆవిడ ఇంకా వెక్కిరిస్తారని చెప్పలేదు. నా పరువు అంత ఖరీదైనది మరి.

రెండున్నరకి పేట. బీరువా తెరిచి సంచి నా చేతిలో పెట్టారు. నేను చీర మార్చుకోకుండా, సముద్రం ఉప్పుతోనే, మా గడప తొక్కకుండా కారెక్కాను. రెండున్నర, అయిదున్నర. ఎనిమిది. కౌంటరు మూసేదీ ఎనిమిదికే. ఇంకా సమాధానం వస్తూనే ఉంది, అదే చూడండి విచిత్రం.

నరసరావుపేట చేరాం. అక్కడ పిడుగురాళ్ల వైపు తిన్నగా పోవాల్సిన కారు కుడిపక్కకి తిరిగింది.

"ఎక్కడికి బావగారూ?"

"సత్తెనపల్లి. మీ అక్క అక్కడే ఉందిగా పుట్టింట్లో. వాడికి కారం దంచి ఉంచింది. ఎంత, ఇరవై కిలోమీటర్లు చుట్టు. అటు నుంచే పిడుగురాళ్ల పోదాం."

అక్క అంటే నా తోటికోడలు. ఆసుపత్రిలో చెయ్యి కట్టుకుని ఉన్న మనిషికి కారం! నేను అప్పటిదాకా బావగారి ఎదుట గొంతెత్తి ఎరగను. ఆ రోజు ఎత్తాను. "ఆపండి కారు! మీకసలు బుద్ధుందా? ఆయన అక్కడ వేలు పోతుందేమోనని కూర్చుంటే మీరు కారం అంటారా?" అని గట్టిగా అరిచాను. బావగారు బిత్తరపోయారు. కానీ కారు మాత్రం ఆగలేదు. ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి, స్టీరింగు మాత్రం సత్తెనపల్లి వైపే ఉంది.

"వాడికి ఆడ తిండి సయించట్లేదంటమ్మా. చప్పిడి తిండి. మనోళ్ల కారం ఉంటే నాలుగు ముద్దలు లోపలికి పోతాయని…" అన్నారు.

ప్రేమ ఉన్న మనిషి మీద కోపం తెచ్చుకోవడం ఎంత కష్టమో, ఆ ప్రేమ మనల్ని ఎంత నాశనం చేస్తుందో ఆ ఇరవై కిలోమీటర్లలో నాకు బాగా అర్థమైంది.

సత్తెనపల్లిలో నేను కారు దిగలేదు. దిగనని భీష్మించుకుని కూర్చున్నాను. దానివల్ల ఏమీ ఒరగలేదు. కారం డబ్బాకి మూత సరిగ్గా పట్టలేదని ప్లాస్టిక్కు కవరు వెతికారు. దానికి పురికొస కట్టారు. అక్క అన్నం కలిపిన పళ్లెం తెచ్చి కారు కిటికీలోంచే ముద్దలు పెట్టింది, వద్దంటున్నా వినకుండా. ఇంతలో నాలుగున్నర అయి రాహుకాలం వచ్చేసింది. నేను మళ్లీ గొడవ మొదలుపెట్టబోతే బావగారు గర్వంగా నవ్వారు. "కంగారు పడమాక. నేను ఇంజను ఆపలేదు. ఆపితేగా మళ్లీ బయలుదేరినట్టు! మనం పొద్దున్నించీ పోతూనే ఉన్నాం." ఇంజను నిజంగానే ఆగలేదు. ముప్పావుగంటసేపు ఆ వాకిట్లో, కదలకుండా, పోతూనే ఉన్నాం.

విమానాశ్రయంలో కౌంటరు దగ్గరికి చేరేసరికి ఎనిమిదీ యాభై. కౌంటరు వెనక అమ్మాయి ముచ్చటగా ఉంది, మర్యాదగా ఉంది. "సారీ మేడమ్, గేట్ క్లోజ్ అయింది" అంది. నేను పాస్‌పోర్టు తీసి చూపించాను, అదేదో నా తప్పు లేదనడానికి సాక్ష్యం అన్నట్టు. దాని అట్ట మీద పసుపు అంటుకుని ఉంది. బావగారు తన ఫోను తీసి ఆ అమ్మాయికి నీలం గీత చూపించి, "ఎనిమిది గంటల ప్రయాణమేగమ్మా, ఇంకో బండి లేదా?" అని అడిగారు. ఇంకో బండి సోమవారం రాత్రి తొమ్మిదికి ఉంది. లుసాకాలో దిగేది మంగళవారం మధ్యాహ్నం.

మా ఆయనకి ఫోను చేశాను. అక్కడ ఇంకా సాయంత్రమే.

"ఎక్కావా?"

"లేదు. తప్పిపోయింది."

"పోనీలే, ఎనిమిది గంటలేగా. రేపు పొద్దున ఎక్కినా సాయంత్రానికి…" అన్నాడు. అన్నగారు ఆయనకీ పంపారన్నమాట ఆ నీలం గీత. ఆ మాట వినగానే రోజంతా మింగింది మొత్తం ఆయన మీద కక్కాను. తిన్నగా విమానం లేదని ఎన్నిసార్లు చెప్పాలి, మీ అన్నదమ్ములిద్దరికీ బుర్రల్లో ఏముంది, మీ వంశానికో దండం. నోటికొచ్చింది అన్నాను. దెబ్బ తగిలి పడుకున్న మనిషిని. ఆయన అంతా విని, "సరే. నువ్వేమన్నా తిన్నావా?" అన్నాడు.

టిక్కెట్టు మార్పించుకుని, ఆ రాత్రి విమానాశ్రయం కుర్చీల్లోనే పడుకున్నాను. సోమవారం మళ్లీ మాట్లాడి, "వేలు ఉంచమని చెప్పండి. ఎన్ని ఆపరేషన్లయినా సరే, ప్రతిసారీ నేనొస్తాను" అన్నాను. "ఊఁ, చూద్దాంలే" అన్నాడు. ఆ ఊఁ నాకు నచ్చలేదు. కానీ బోర్డింగుకి పిలుస్తున్నారు.

మంగళవారం సాయంత్రం నాలుగుకి ఆ ఆసుపత్రి గదిలో అడుగుపెట్టాను. ఆయన మెలకువగానే ఉన్నాడు. కుడిచేతికి కట్టు చిన్నదిగా ఉంది. అంత చిన్న కట్టులో ఆ వేలు పట్టదని చూడగానే తెలిసింది. కొలతలు నాకూ కొంచెం తెలుసు.

"ఎంతసేపు పట్టిందే?" అన్నాడు, నవ్వబోతూ.

"యాభై ఆరున్నర గంటలు" అన్నాను. లెక్క దారిలోనే చేసి పెట్టుకున్నాను, గంటల తేడా కూడా కలిపి. ఆ అంకెతో ఎవరినన్నా కొట్టాలని అంత శ్రద్ధగా చేశాను. కొట్టడానికి అక్కడ ఈయనొక్కడే ఉన్నాడు. "ఉంచమన్నానుగా! ఎందుకు తీయించారు? ఎవరినడిగి తీయించారు?"

ఆయన కిటికీ వైపు చూశాడు. "ఇంకో రెండుసార్లు రావాలిగా నువ్వు. ఒక్కసారికే సముద్రంలో దిగి, కార్లో పడి, ఆ కుర్చీల్లో పడుకుని… అన్న చెప్పాడులే అంతా. వేలుదేముందే, ఇంకా తొమ్మిదున్నాయి."

నేను ఏడ్చాను. సంచి ఒళ్లో పెట్టుకుని, గట్టిగా, నర్సు పరిగెత్తుకొచ్చేంతగా ఏడ్చాను. అప్పుడే నా ఫోను మోగింది. బావగారి మెసేజి: క్షేమంగా చేరావు కదమ్మా, ప్రస్థానం పెట్టింది వృథా పోలేదు.

నర్సు నన్ను కూర్చోబెట్టి, మంచం తలదగ్గర అట్టకి గుచ్చిన కాగితం ఒకటి తీసి చూపించింది. ఆపరేషనుకి ఒప్పుకునే కాగితం. కుడిచేత్తో రాయలేడు కాబట్టి ఎడమ బొటనవేలి ముద్ర వేశాడు. నీట్లో తడిసినట్టు అలుక్కుపోయిన ముద్ర, ఎప్పుడూ ముద్ర వేసి ఎరగని మనిషిది. దాని కింద, కుటుంబ సభ్యుల సంతకం అన్నచోట ఖాళీగా ఉంది. డాక్టరు డ్యూటీ నర్సుని పెట్టమంటే ఈయన పెట్టనివ్వలేదట. మా ఆవిడ వస్తోంది, దారిలో ఉంది, అది ఆమె చోటు అన్నాడట.

"ఇప్పుడిక అవసరం లేదు" అంది నర్సు, ఇంగ్లీషులో, మెత్తగా.

పెన్ను ఇవ్వమన్నాను. సంతకం పెట్టాను. పక్కన టైము వేయాలని ఉంది. పైన ఆయన ముద్ర దగ్గర ఉదయం తొమ్మిదీ పది. కింద నేను సాయంత్రం నాలుగూ ఇరవై అని రాశాను.